చట్రం, గాడి, పలక: పశ్చిమ ప్రకాశం వడ్రంగంలో అలమార తలుపు – నిర్మాణం, పదజాలం

వ్యాససంగ్రహం:
గోడ అలమారకూ వంటగట్టు కింది అరలకూ కొలత తీసుకొని చేసే కర్ర తలుపు ఒక చిన్న వడ్రంగి కొట్టంలో ఎలా రూపొందుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వాతావరణాన్నీ అక్కడి వాడుకమాటలనూ ఇందుకు ఆధారంగా తీసుకొన్నాను. తలుపు భాగాల పేర్లు కేవలం గుర్తులు కావు. కర్ర ఉబ్బుతుంది, కుదించుకుంటుంది అన్న అనుభవజ్ఞానం వాటిలో నిక్షిప్తమై ఉంది. పేరును మాత్రమే సేకరించి, దానితో ఉన్న కొలతనూ కారణాన్నీ వదిలివేస్తే వృత్తిపదకోశం అసంపూర్ణమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వడ్రంగం, వృత్తిపదాలు, అలమార, చట్రం, గాడి, పలక, కుసి, వదులు, మార్కాపురం, యర్రగొండపాలెం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు విమర్శలో తరచు వినిపించే ఒక ప్రశంస ఉంది: ఈ కవి ప్రతి వాక్యాన్నీ చిత్రిక పట్టాడు. చిత్రిక వడ్రంగి పనిముట్టు. గరుకు చెక్కను నునుపు చేసేది. తెలంగాణలో దీన్నే రంద అంటారు. చేవ ఉన్న మనిషి అన్నప్పుడు మాను లోపలి గట్టి భాగమైన చేవను మనిషికి ఆపాదిస్తున్నాం. ఏకు మేకైంది అన్నప్పుడు నూలు వడికేవారి ఏకు, వడ్రంగి మేకు ఒకే సామెతలో కలుస్తున్నాయి. సాహిత్యం వడ్రంగం నుంచి ఇన్ని మాటలు అరువు తెచ్చుకొన్నా, ఆ మాటలు పుట్టిన పనిని సాహిత్య విద్యార్థులు దగ్గరగా చూసిన సందర్భాలు తక్కువ.

వృత్తిపదాల సేకరణ తెలుగులో కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. గృహనిర్మాణానికి సంబంధించిన పదాల మీద బూదరాజు రాధాకృష్ణ కృషి చేశారు. పండితుడి ఊహతో కాక పనివాడి నోటి నుంచి మాటను రాసుకోవాలన్న పద్ధతి ఈ సంపుటాలతో స్థిరపడింది. ఆ పద్ధతిని నేటి పశ్చిమ ప్రకాశంలోని ఒక చిన్న వస్తువుకు, అంటే అలమార తలుపుకు, అన్వయించి చూడడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

వస్తువు చిన్నదే. అయినా ఇంటికి వడ్రంగిని పిలిచే సందర్భాల్లో ఇప్పుడు మిగిలినవాటిలో ఇది ముఖ్యమైనది. నాగళ్ళు, బండ్లు, గుంటకలు వడ్రంగి చేతి నుంచి దాదాపు జారిపోయాయి. మంచాలూ కుర్చీలూ దుకాణాల నుంచి వస్తున్నాయి. గోడలోని ఖాళీ మాత్రం ఏ ఇంటికి ఆ ఇంటిదే. దానికి సరిపోయే తలుపు ముందుగా చేసి అమ్మడానికి వీలుకాదు.

2. గూడు, అలమార, కబోర్డు:

ముందుగా వస్తువు పేరు. మందమైన మట్టిగోడల్లో, రాతిగోడల్లో వదిలిన ఖాళీకి మన పాత మాట గూడు. దీపం పెట్టేది దీపపు గూడు. గూటికి తలుపు ఉండాలన్న నియమం లేదు. విలువైనవి పెట్టెలోనో భోషాణంలోనో ఉండేవి. గూటికి అరలు అమర్చి, ముందు తలుపు బిగించిన తర్వాత దానికి అలమార అన్న పేరు నిలిచింది. ఇది పోర్చుగీసు భాషలోని అర్మారియో నుంచి వచ్చిన మాట. దానికి మూలమైన లాటిన్ పదానికి ఆయుధాలు, పనిముట్లు దాచే చోటు అని అర్థం. కదలని గోడ అలమారకు భిన్నంగా నిలువెత్తుగా ఉండి కదిలించగలిగినది బీరువా. ఇప్పుడు వంటగట్టు కింద, మంచం పక్కన, అటక ముందు ఎక్కడ తలుపు పెట్టినా కబోర్డు అంటున్నారు. మూడు మాటలూ మూడు కాలాల ఇళ్ళను చూపిస్తున్నాయి.

ప్రాంతీయ భేదం తలుపు దగ్గర కూడా కనిపిస్తుంది. రాయలసీమలో వాకిలి అంటే ద్వారం. కోస్తాలో చాలా చోట్ల వాకిలి అంటే ఇంటిముందు స్థలం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. యర్రగొండపాలెం అటు నల్లమలకూ ఇటు పల్నాటికీ మధ్య ఉన్న ఊరు. అందువల్ల ఇక్కడి పనివాడితో మాట్లాడేటప్పుడు అతను వాకిలి అన్నది దేన్ని అని ఒకసారి అడిగి నిర్ధారించుకోవడం మంచిది. ఈ వ్యాసంలో తలుపు అంటే మూసే రెక్క, చుట్టూ గోడలో నిలిపే కర్ర ద్వారబంధం.

3. కర్ర నడక:

పశ్చిమ ప్రకాశంలో ఎండాకాలం కఠినమైనది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతను ఇక్కడివారు అతిశయోక్తిగా వినరు. ఆ తర్వాత వానలు, ముసుర్లు వస్తాయి. మే నెలలో గాలి కర్ర నుంచి తేమను లాగుతుంది, అక్టోబరులో తిరిగి ఇస్తుంది. కొట్టివేసిన చెట్టులోని కర్ర ఎండిన తర్వాత కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు. నూరేళ్ళ నాటి ద్వారబంధం కూడా ఏటా కొంత ఉబ్బి కొంత తగ్గుతూనే ఉంటుంది.

ఈ మార్పు అన్ని దిక్కులా ఒకేలా ఉండకపోవడమే తలుపు రూపాన్ని నిర్ణయించింది. కర్రలో నార చెట్టు పొడవునా సాగి ఉంటుంది. ఆ పొడవు దిక్కున మార్పు లేదని చెప్పదగినంత తక్కువ. నారకు అడ్డంగా, అంటే పలక వెడల్పు దిక్కున, మార్పు ఎక్కువ. టేకునే తీసుకొంటే, పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా నడిబొడ్డు దిక్కుకు సుమారు 2.5 శాతం కుదించుకుంటుంది. పొడవులో ఇది 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే. ఈ విషయంలో టేకు మంచి కర్ర. కుదింపు దీనికన్నా ఎక్కువ ఉన్న కలప జాతులు చాలా ఉన్నాయి.

శాతాలను మిల్లీమీటర్లలోకి తెస్తే విషయం స్పష్టమవుతుంది. కర్రలోని తేమ దాదాపు 30 శాతం నుంచి కిందికి దిగినప్పుడే కుదింపు మొదలవుతుంది. అంటే వలయాల వెంబడి కోసిన టేకు పలక, తేమ ఒక శాతం మారితే, వెడల్పులో 0.19 శాతం మారుతుంది. వేసవిలో 8 శాతం తేమ ఉన్న కర్ర వానల్లో 14 శాతానికి చేరిందనుకొందాం. 446 మి.మీ. వెడల్పున్న ఒకే చెక్కతో తలుపు చేస్తే అది 5 మి.మీ. పైగా ఉబ్బుతుంది. తలుపు చుట్టూ సాధారణంగా వదిలే సందు రెండు వైపులా కలిపి 4 మి.మీ. ఇక తలుపు ద్వారబంధానికి బిగుసుకుపోకుండా ఎలా ఉంటుంది?

వానాకాలంలో ఇంటివారికీ వడ్రంగికీ మధ్య జరిగే సంభాషణ ఇక్కడ అందరికీ పరిచితమే.

“ఆచారిగారూ, తలుపు తెరుచుకోవడం లేదు. వచ్చి కాస్త చిత్రిక పట్టిపోండి.”

“ఇప్పుడు పట్టకూడదన్నా. వానలకు ఉబ్బింది. ఇప్పుడు తీసేస్తే ఎండాకాలంలో వేలు దూరేంత సందు వస్తుంది. ఆరనీ, చూద్దాం.”

ఈ జవాబును పని వాయిదా వేయడానికి చెప్పిన సాకుగా తీసుకొనేవారే ఎక్కువ. పైన చూసిన లెక్క ప్రకారం అది అచ్చమైన సాంకేతిక సలహా. ఏ నెలలో ఎంత తీయాలో తెలియడం ఈ వృత్తిలో సగం విద్య అని నా అభిప్రాయం.

కర్ర ఎంపిక గురించి కొంత చెప్పాలి. నల్లమలలో టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, నారేపి వంటి చెట్లు ఉన్నాయి. అయితే అడవి దగ్గర ఉన్నంతమాత్రాన అడవికర్ర కొట్టానికి రాదు. అటవీ చట్టాలున్నాయి, పైగా ఈ అడవిలో అధికభాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అందువల్ల టేకు డిపోల నుంచి ఘనపుటడుగుల లెక్కన వస్తుంది. ఊరిచుట్టూ దొరికేవి వేప, తుమ్మ, మామిడి. వేప, తుమ్మ దుంగలను కొన్ని నెలలు నీటిలో నానబెట్టి, తర్వాత నీడలో ఆరబెట్టి వాడే పాత పద్ధతి ఒకటుంది. నానబెడితే మానులోని పసరు నీటిలోకి పోయి పురుగు పట్టడం తగ్గుతుంది. ఆరబెట్టడం నీడలోనే ఎందుకంటే, ఎండలో పైభాగం త్వరగా ఆరి లోపలిభాగం పచ్చిగా మిగిలితే కర్ర నెర్రెలిస్తుంది. చేవ చుట్టూ ఉండే లేత చెక్కను తీసివేయమని పెద్ద పనివారు చెప్పడానికి కారణం కూడా పురుగే. చెదకు ముందు రుచించేది ఆ లేతభాగం.

భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 287 ప్రమాణం దేశాన్ని వాతావరణాన్ని బట్టి మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఏ వస్తువుకు కర్రలో ఎంత తేమ ఉండవచ్చో చెబుతుంది. కార్తెల లెక్కతో పనివాడు చేరే నిర్ణయాన్నే ఈ ప్రమాణం శాతాలలో చెబుతోంది.

4. చట్రం, గాడి, పలక:

ఒకే చెక్క తలుపు బిగుసుకుపోతుంది. మరి వెడల్పైన తలుపు కావాలంటే ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు ప్రపంచంలో చాలా చోట్ల వడ్రంగులు చేరుకొన్న సమాధానం ఒక్కటే. సన్నని పట్టీలతో చట్రం కట్టాలి. చట్రం లోపలి అంచున గాడి తీయాలి. ఆ గాడిలో వెడల్పైన పలకను అతికించకుండా కూర్చోబెట్టాలి. చట్రం తలుపు కొలతను కాపాడుతుంది. పలక చట్రం లోపల తన ఇష్టం వచ్చినట్లు ఉబ్బుతుంది, తగ్గుతుంది.

ఈ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి మార్కాపురం ప్రాంతంవారు దూరం వెళ్ళనక్కరలేదు. తరతరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలక ఇక్కడి గనులలోనిదే. నల్లని రాతిపొర, చుట్టూ నాలుగు చెక్కపట్టీలు, పట్టీల లోపలి అంచున రాయి కూర్చునే గాడి. ఆకారంలో అది ఒక చిన్న అలమార తలుపు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతపలకల గిరాకీ పడిపోయింది. ఆ రాయి ఇప్పుడు ఇళ్ళ గోడలకు, నేలలకు వేసే బిళ్ళలుగా ఎక్కువగా పోతోంది. పలక అన్న మాట మాత్రం బడిలోనూ కొట్టంలోనూ ఒకే అర్థంలో, చట్రంలో ఇమిడిన పలుచని వెడల్పైన ముక్క అన్న అర్థంలో, నిలిచింది. రెంటికీ ఉన్న తేడా ఒక్కటే. రాయి తేమకు ఉబ్బదు కాబట్టి గాడిలో బిగువుగా ఉన్నా ముప్పులేదు. కర్రపలకకు మాత్రం గాడిలో చోటు మిగలాలి. ఆ మిగిలిన చోటునే వదులు అంటారు.

ఒక తలుపు లెక్క చూద్దాం. ద్వారబంధం లోపలి ఖాళీ వెడల్పు 450, ఎత్తు 600 మి.మీ. అనుకొందాం. కొట్టంలో చాలామంది ఇప్పటికీ అంగుళాలలోనే మాట్లాడతారు. అంగుళంలో ఎనిమిదో వంతును సూతు అంటారు. హిందీ, ఉర్దూల మీదుగా వచ్చిన ఈ మాటకు మూలం సూత్రం, అంటే దారం. నాటకంలోని సూత్రధారుడి పేరుకు సంస్కృతంలో వడ్రంగి, శిల్పి అన్న అర్థాలు కూడా ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగిన విషయం. కొలతల దారం చేతబట్టినవాడే ఇద్దరూ. లెక్క సులభంగా ఉండడానికి ఇక్కడ మిల్లీమీటర్లు వాడుతున్నాను.

నాలుగు వైపులా 2 మి.మీ. సందు వదిలితే తలుపు 446 వెడల్పు, 596 ఎత్తు. చట్రం పట్టీలు 60 వెడల్పు, 20 మందం. నిలువు పట్టీలు రెండూ తలుపు ఎత్తంత. అయితే మొదట రెండు కొసలా ఒక్కో 20 మి.మీ. ఎక్కువ ఉంచి కోస్తారు. బెజ్జం తొలిచేటప్పుడు కొస చీలిపోకుండా ఈ అదనపు భాగం కాపాడుతుంది. తలుపు బిగిశాక దాన్ని కోసేస్తారు. అడ్డపట్టీల కనిపించే పొడవు 446 నుంచి 120 తీసివేస్తే 326. రెండు కొసలా నిలువు పట్టీలోకి దూరే భాగం ఒక్కొక్కటి 40 చొప్పున కలుపుకొంటే అడ్డపట్టీ పొడవు 406.

గాడి వెడల్పు 6, లోతు 10. ఇప్పుడు పలక. చట్రం లోపలి ఖాళీ వెడల్పు 326. గాడుల లోతు రెండు వైపులా కలిపితే 346. పలకను సరిగ్గా 346 కోస్తే అది గాడి అడుగుకు ఆనుకుంటుంది. వానాకాలంలో ఉబ్బినప్పుడు వెళ్ళడానికి చోటు లేక చట్రాన్ని నెట్టి మూలలు విప్పుతుంది. అందువల్ల ఎండాకాలంలో చేసే తలుపుకు పలకను 340 కోస్తారు. ఇరువైపులా 7 మి.మీ. గాడిలో ఉంటుంది, 3 మి.మీ. వదులు మిగులుతుంది. మునుపటి లెక్క ప్రకారం 340 మి.మీ. పలక వానల్లో దాదాపు 4 మి.మీ. పెరిగి 344 అవుతుంది. అప్పటికీ ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు మిగిలే ఉంటుంది. అదే తలుపును ముసురు రోజుల్లో చేస్తే పలకను మొదటే 344 కోయాలి. ఎందుకంటే ఇక అది తగ్గవలసిందే తప్ప పెరగదు. ఒకే ఖాళీకి, ఒకే కర్రతో, మేలో కోసిన పలకకూ అక్టోబరులో కోసిన పలకకూ 4 మి.మీ. తేడా. తలుపును ఏ కార్తెలో చేశారన్నది కొలతలో ఒక భాగమని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఎత్తు విషయంలో ఈ జాగ్రత్త అక్కరలేదు. నార నిలువుగా ఉంటుంది. దాదాపు అరమీటరు పొడవున వచ్చే మార్పు 0.2 మి.మీ. కూడా మించదు. పైనా కిందా ఒక్కో మిల్లీమీటరు వదిలితే చాలు.

చట్రం మాటేమిటి? అదీ కర్రే కదా అన్న సందేహం న్యాయమైనదే. అడ్డపట్టీలో నార అడ్డంగా, తలుపు వెడల్పు దిక్కునే సాగుతుంది కాబట్టి దాని పొడవు మారదు. మారేది 60 మి.మీ. వెడల్పున్న రెండు నిలువు పట్టీలు మాత్రమే. ఒక్కోటి 0.7 మి.మీ. చొప్పున రెండూ కలిసి 1.4 మి.మీ. ఒకే చెక్క తలుపు 5 మి.మీ. ఉబ్బే చోట చట్రం తలుపు ఒకటిన్నర మి.మీ. లోపే ఉబ్బుతుంది. చుట్టూ వదిలిన సందు దానికి సరిపోతుంది. అందం కోసం చేసినట్లు కనిపించే గళ్ళు నిజానికి ఈ లెక్క నుంచి పుట్టినవే.

340 మి.మీ. వెడల్పున్న టేకుచెక్క ఒక్కటిగా దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. రెండు మూడు బద్దలను అంచుకు అంచు జిగురుతో కలుపుతారు. నార ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి అవి కలిసి ఉబ్బి కలిసి తగ్గుతాయి. అక్కడ జిగురు మంచిదే. అదే జిగురు గాడిలో పడితే ప్రమాదం. పలక రెండు వైపులా చట్రానికి అతుక్కొని, ఎండాకాలంలో తగ్గబోయి, తగ్గలేక నడిమిలో పగులుతుంది. చట్రం బిగించేటప్పుడు మూల నుంచి కారిన జిగురుబొట్టు గాడిలోకి పోయినా ఇదే ఫలితం రావచ్చు. కొన్నిచోట్ల పలక గలగల కదులుతోందని ఇంటివారు ఫిర్యాదు చేస్తారు. వారిని తృప్తిపరచడానికి పలకకు చట్రంలోంచి మేకులు కొడతారు. పలక కదలడం ఆగుతుంది, తర్వాతి వేసవిలో పగులుతుంది. నిజంగా కదలిక ఆపాలంటే పలక పైఅంచు, కిందిఅంచుల నడిమధ్యన మాత్రం ఒక్కో చిన్న మేకు చాలు. పలక మధ్యనుంచి ఇరువైపులకూ సమానంగా సాగుతుంది.

మెరుగు విషయంలో కూడా ఒక క్రమం ఉంది. పలకకు రంగో పాలిషో చట్రంలో పెట్టకముందే, గాడిలోకి పోయే అంచుల దాకా వేయాలి. తలుపు కట్టిన తర్వాత వేస్తే, వేసవిలో పలక తగ్గినప్పుడు గాడిలోనుంచి పాలిష్ అంటని కర్ర బయటపడి సన్నని తెల్లగీతలా కనిపిస్తుంది. ఆ గీత కనిపించిందంటే పాలిష్ వేసిన క్రమం తప్పిందని అర్థం. పలకను అతికించలేదని, నిర్మాణం సరిగ్గానే ఉందని కూడా అదే గీత సాక్ష్యం చెబుతుంది. కొనుగోలుదారుడికి ఈ రెండో అర్థం చెప్పేవారు లేరు.

5. మూల కట్టు:

పలకకు స్వేచ్ఛ ఇచ్చినప్పుడు తలుపు బలమంతా నాలుగు మూలల మీద పడుతుంది. అడ్డపట్టీ కొసను సన్నగా చెక్కి నిలువు పట్టీలోకి దూర్చే నాలుకవంటి భాగం కుసి. అది దూరే రంధ్రం బెజ్జం. కుసి మందం పట్టీ మందంలో మూడో వంతు ఉండాలన్నది సాధారణ నియమం. 20 మి.మీ. పట్టీకి 6 నుంచి 7 మి.మీ. గాడి వెడల్పు 6 మి.మీ. తీసుకోవడానికి కారణం ఇక్కడ బోధపడుతుంది. గాడి, బెజ్జం ఒకే వరుసలో వస్తే ఒకే ఉలి, ఒకే గీత సరిపోతాయి. గాడి తీసేసరికే బెజ్జంలో పది మిల్లీమీటర్లు తయారై ఉంటాయి. కుసిని చేత్తో నెడితే సగం దూరి, తర్వాత కొయ్యసుత్తితో రెండు మూడు దెబ్బలకు కూర్చోవాలి. సుత్తితో గట్టిగా బాదవలసి వచ్చిందంటే నిలువు పట్టీ చీలడానికి సిద్ధంగా ఉన్నట్లే. జిగురు ఈ మూలలకే. దాని తోడుగా కుసికి అడ్డంగా వెదురుచీల దిగగొట్టే పద్ధతి కూడా ఉంది. ఇనుపమేకు తుప్పుపట్టి చుట్టూ కర్రను నల్లగా తినివేస్తుంది, వెదురుకు ఆ గుణం లేదు.

బిగించిన వెంటనే, జిగురు ఆరకముందు, చట్రం కర్ణాలు రెండూ కొలవాలి. అవి సమానమైతే మూలలు లంబంగా ఉన్నట్లు. తేడా వస్తే పొడవైన కర్ణం కొసలను దగ్గరికి నొక్కాలి. మూలమట్టం చిన్న చట్రానికి చాలు గానీ పెద్ద తలుపుకు కర్ణాల లెక్కే నమ్మదగినది. తర్వాత చదునైన బల్ల మీద పడుకోబెట్టి నాలుగు మూలలూ తాకుతున్నాయో లేదో చూడాలి. ఒక మూల లేస్తే తలుపు మెలి తిరిగింది. మెలిని తర్వాత ఏ బందుతోనూ సరిచేయలేరు.

తలుపు లంబంగా ఉన్నా దాన్ని పెట్టే చోటు లంబంగా ఉండాలన్న హామీ లేదు. ఈ ప్రాంతంలో వంటగదుల అరలను చాలావరకు కడప బండలతో కడతారు. తాపీపనివాడు కంటితో నిలబెట్టిన బండల మధ్య ఖాళీ పైన 450 ఉంటే కింద 444 ఉండవచ్చు. అందుకే కొలతను పైన, నడుమ, కింద మూడుచోట్ల తీసుకొంటారు. బండకు నేరుగా మడతబందు పట్టదు. ముందు సన్నని కర్ర ద్వారబంధం బిగించి, బండ వంకరను ఆ కర్రలో సర్దివేసి, లోపలి ఖాళీని చతురస్రంగా తెచ్చి, అప్పుడు తలుపు కొలత తీస్తారు. ఖాళీని సరిచేయకుండా తలుపునే వంకరగా కోసి ఇరికించే పని కూడా కనిపిస్తుంది. మూసినప్పుడు అది చక్కగానే ఉంటుంది. తెరిచినప్పుడు మాత్రం తనంతట తాను జారిపోతుంది.

6. పలక స్థానంలో ప్లై:

గత కొన్ని దశాబ్దాలలో కొట్టంలోని పని చాలా మారింది. ప్లైవుడ్‌లో పలుచని పొరలను ఒకదాని నార నిలువుగా, మరొకదాని నార అడ్డంగా వచ్చేట్లు అతికిస్తారు. ప్రతి పొర ఉబ్బునూ పక్కపొర అడ్డుకొంటుంది. అందువల్ల దానికి చట్రం అక్కరలేదు, గాడి అక్కరలేదు. ఒకే బిళ్ళను కోసి, పైన సన్‌మైకా అతికించి, అంచులకు పట్టీ వేసి, 35 మి.మీ. గుండ్రని గుంట తొలిచి కనిపించని బందు బిగిస్తే తలుపు పూర్తవుతుంది. చట్రం తలుపుకు రోజుల పని పట్టే చోట ఇది గంటల పని.

దీన్ని దిగజారుడుగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. కర్ర కొరత, ఖరీదు, సమయం అన్నీ వాస్తవాలే. ఐ.ఎస్. 303 ప్రమాణానికి సరిపోయే ప్లైవుడ్ పొడిగదులలోనూ, ఐ.ఎస్. 710 రకం నీళ్ళు తగిలేచోటా చక్కగా పనిచేస్తాయి. చిక్కు మరోచోట ఉంది. చట్రం తలుపు రూపం మీద మోజు తగ్గలేదు, దాని తర్కం మాత్రం మరుగునపడింది. ప్లై బిళ్ళపైన బద్దలు అతికించి పలకల తలుపులా కనిపించేట్లు చేస్తున్నారు. అది హాని లేని అలంకారం. ఇంటివారు అసలు కర్రే కావాలని పట్టుబట్టినప్పుడు అదే అలవాటుతో టేకు పలకను టేకు చట్రానికి జిగురుతో అతికించడం హానికరం. ప్లైకి నప్పిన పద్ధతి కర్రకు నప్పదు. తలుపు పగిలినప్పుడు నింద కర్ర మీద పడుతుంది: కర్ర మంచిది కాదు, పచ్చిది, మోసపోయాం. కర్రతో ఇక పని చేయించకూడదన్న నిర్ణయానికి ఆ ఇల్లు వస్తుంది. ఒక్క పగులు వల్ల ఒక చిన్న కొట్టం కోల్పోయేది ఒక్క తలుపు పని కాదు.

మాటల పరిస్థితి కూడా ఇదే. ప్లై పని మాత్రమే నేర్చుకొన్న కుర్రవాడికి షీటు, లామినేటు, ఎడ్జ్‌బ్యాండు, హింజి, స్క్రూ అనే మాటలతో రోజు గడిచిపోతుంది. అవి తెలుగు కాదన్న బాధ నాకు లేదు. అలమార కూడా ఒకప్పుడు పరాయి మాటే. అతని పనిలో కుసి లేదు కనుక కుసి అన్న మాట అక్కరలేదు. వదులు అన్న మాట మాత్రం అతనికి తప్పు అన్న అర్థంలో మిగిలింది. “తలుపు వదులుగా ఉంది” అంటే ఇప్పుడు సరిగ్గా బిగించలేదని. పాత పనివాడి నోట అదే మాట లెక్క ప్రకారం ఉంచిన చోటు.

7. ఆరోపం ఎలా ఉండాలి:

వృత్తిపదకోశానికి పదం సేకరించేటప్పుడు మనం సాధారణంగా పేరు, అర్థం, వాడుకలో ఉన్న ప్రాంతం రాసుకొంటాం. గాడి అంటే చెక్కలో తీసిన పొడవైన పల్లం అని రాస్తే అది తప్పుకాదు. అయితే ఆ నిర్వచనం చదివి ఎవరూ గాడి తీయలేరు. పలకను అందులో అతికించాలో వద్దో కూడా చెప్పలేరు. వ్యవసాయ పదాల సేకరణలో విత్తనం పేరుతోబాటు విత్తే కార్తెను అడగడం సహజంగా తోస్తుంది. వడ్రంగంలోనూ కోసిన కార్తెను అడగాలి. క్షేత్రపర్యటనకు వెళ్ళే పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళిలో ఇదేమిటి అన్న ప్రశ్న పక్కన మరో మూడు చేర్చుకోవాలని నా సూచన: ఎంత? ఎందుకంత? ఏ కాలంలో మారుతుంది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడే పనివాడు వదులు, బిగువు, నార, ఆరుదల వంటి మాటలను తనంతట తాను వాడతాడు. వస్తువును చూపించి పేరడిగితే ఈ మాటలు బయటికి రావు, ఎందుకంటే వేలుపెట్టి చూపడానికి అవి వస్తువులు కావు.

ఈ పద్ధతిలో రెండు ఆరోపాల నమూనా ఇలా ఉంటుంది:

గాడి (వి.): అలమార తలుపు చట్రం లోపలి అంచున, పలక అంచు కూర్చోవడానికి తీసిన పల్లం. 20 మి.మీ. మందం పట్టీకి వెడల్పు 6, లోతు 10 మి.మీ.; కుసి బెజ్జంతో ఒకే వరుసలో ఉంటుంది. ఇందులో జిగురు పడకూడదు. వాడుక: గాడి తీయు, గాడిలో కూర్చుండు, గాడి తప్పు.

వదులు (వి.): పలక అంచుకూ గాడి అడుగుకూ మధ్య కావాలని ఉంచే ఖాళీ. సుమారు 340 మి.మీ. టేకు పలకకు ఎండాకాలంలో కోస్తే ఇరువైపులా 3, వానాకాలంలో కోస్తే 1 మి.మీ. నార దిక్కున (ఎత్తులో) ఏ కాలమైనా 1. దీనికి వ్యతిరేకం బిగువు. బిగువు మూలలకు, వదులు పలకకు. వాడుక: వదులు ఉంచు, వదులు చూసి కోయు. సామాన్య వ్యవహారంలో లోపం అన్న అర్థం ఉన్నది. వృత్తివ్యవహారంలో ఆ అర్థం లేదు.